ఎర్రదారం కట్టిన సీసాలు

తాడేపల్లిగూడెం,
14-5-1936.

విశ్వాసానికి మంగతాయారు దీవెనలు. నువ్వూ, పుష్పమ్మా, పిల్లలూ కొల్లేటి లంకలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ క్షేమమని రాసే భాగ్యం లేదు. మీ అయ్యగారు పోయి నేటికి ఇరవై రోజులు.

నెల్లాళ్ళు మంచాన ఉన్నారు. పోయే రోజు పొద్దున గోలీసోడా అడిగారు. మా అబ్బాయి ప్రసాదరావు కొట్టి ఇస్తే రెండు గుక్కలు తాగి, సీసా కడిగి పెట్టెలో పెట్టమన్నారు. అప్పుడు కూడా సీసా మీదే ధ్యాస. సీమ నుంచి ఓడలో వచ్చే సీసా పోతే మళ్ళీ దొరకదని ఆయన బెంగ నీకు తెలియంది కాదు. అందుకే గదా డిపాజిట్టు కట్టించుకుని సోడాలివ్వడమూ, ఖాళీలు పోగుచేయడానికి నిన్ను పెట్టుకోవడమూ. ఎనిమిదేళ్ళు అత్తిలి దాకా తిరిగి తెచ్చావు. నీ చేతిలో పగిలిన సీసాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

పేటలో మీవాళ్ళు తాగే సీసాల మెడకు ఎర్రదారం కట్టి వేరుగా ఉంచడం ఆయన పెట్టిన నియమం. పోయిన ఎండాకాలం రైసుమిల్లు అమరేశ్వరరావుగారు స్టేషను దగ్గర సోడా తాగుతూ సీసా మెడకు దారం పోగు చూసి ఎంత రభస చేశారో నువ్వు మరిచిపోయి ఉండవు. నువ్వే కలిపేశావని అందరూ అన్నారు. "నేను కలపలేదండీ. బుట్టల్లో వేరుగానే తెచ్చానండీ" అని వాకిట్లో నిలబడి చెప్పావు. మీ అయ్యగారు వినలేదు. ఆ పెట్టెడు సీసాలూ కాలవలో పారేయించి నిన్ను పొమ్మన్నారు. నేను తలుపు వెనకే ఉన్నాను.

ఆయన కోపిష్టి అయినా మనసులో పెట్టుకునే మనిషి కాదు. పోయేముందు నీ పేరెత్తి, "విశ్వాసాన్ని క్షమించానని రాయి" అన్నారు.

మొన్న మీ లంక పాస్టరు యోసేపుగారు పరామర్శకు వచ్చారు. తప్పు ఒప్పుకోలేదని ఏడాదిగా నీకు చర్చిలో ప్రభు బల్ల ఆపేశారట. అందరూ తాగే ఆ గిన్నె నీ దాకా రాకుండా దాటిపోతోందట. ఒక్క మాట ఒప్పుకుంటే వచ్చే ఆదివారమే చేర్చుకుంటామన్నారు. ఒప్పుకుని వస్తే పాత పని ఇస్తానని ప్రసాదరావు కూడా అంటున్నాడు. ఆ లంక చెమ్మలో పుష్పమ్మకు ఉబ్బసం ఎక్కువైందని విన్నాను. మొండితనం మాని ఒప్పేసుకో నాయనా.

ఇట్లు,
మంగతాయారు.

తా.క. పైదంతా ప్రసాదరావు పక్కన కూర్చుని చెబుతుంటే రాశాను. వాడిప్పుడే కొట్టుకు వెళ్ళాడు. ఈ కవరు అంటించడానికి నాకు చేతులు రావడం లేదు.

దారాలు తెంపింది నేను. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకసారి సీసాలు చాలక ఆయన కేకలేస్తుంటే, తొట్టి దగ్గర కడుగుతున్న నాలుగింటికి దారాలు కత్తిపీట మీద తెంపి పంపేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత అలవాటైపోయింది. పేటకు సీసాలు తగ్గితే చేతికందిన వాటికి మళ్ళీ కట్టేదాన్ని. రెండేళ్ళు అలాగే జరిగింది. ఆయన చివరగా తాగిన సీసా అంతకుముందు ఎవరి నోట్లోదో దేవుడికే తెలియాలి.

ఆ రభస జరిగిన రోజు సీసా మెడకు ఒక పోగు తెగకుండా మిగిలిపోయింది. వాకిట్లో నీ ముఖం చూసి కూడా నోరు విప్పలేకపోయాను. ఆయనంటే భయం, ఊరంటే భయం. నిన్ను క్షమించానని ఆయన అన్నప్పుడు కూడా తల ఊపాను. ఆయన్ని అబద్ధంతోనే సాగనంపాను. 

తెంపిన దారాలు పసుపు డబ్బాలో దాచాను. కొన్ని ఇందులో పెడుతున్నాను. యోసేపుగారికి చూపించి, ఈ ఉత్తరం చర్చిలో అందరి ముందూ చదివించు. నా పరువు సంగతి చూడకు.

పైన రాసింది కొట్టేయడానికి వ్యవధి లేదు, ప్రసాదరావు వచ్చేస్తాడు. ఒప్పుకోకు, విశ్వాసం.