చెంపకి జానెడు దూరంలో

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. నీ మరదలి దగ్గు తగ్గింది. నువ్వూ, బావా, నీ దగ్గర కర్రసాము నేర్చుకునే పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ప్రతి సినిమాలోనూ మీ తమ్ముడే ఎందుకు చస్తాడని నీ శిష్యులు నిలదీస్తున్నారని రాశావు. విలన్ పక్కన నిలబడేవాడికి ఆయుష్షు తక్కువని చెప్పు. ఫైట్ మాస్టర్నీ నేనే గనక కనీసం నాకు నచ్చినట్టు చస్తున్నాను. ఉత్తరాలు ఎందుకు తగ్గాయనీ అడిగావు. కూర్చుంటే కాలు నిలవడం లేదక్కా. ఇదీ రెండు ముక్కలు రాయడం, లేచి వరండాలో పచార్లు చేయడం, మళ్లీ రాయడం.

సోమవారం మెట్ల మీద హీరోకీ నాకూ ఫైటు. పిడికిలి ఎంత వేగంగా వెళ్లినా చెంపకి జానెడు దూరంలో ఆగాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఇన్నేళ్లూ ఆగింది. ఆ రోజు ఆగలేదు. హీరో పెదవి చిట్లింది. మంచివాడు, "పర్లేదు మాస్టారూ, నేనే ముందుకొచ్చాను" అన్నాడు. అతను కదల్లేదని నాకు తెలుసు. అప్పట్నుంచి తిండి సయించడం లేదు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నా ఎడమ కన్ను మసకబారింది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా దొరకడం లేదు. ఆ చూపు ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. నిన్న డైరెక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పి, ఇకమీదట కెమెరా ముందు చెయ్యెత్తనన్నాను. ఆయన, "మరి సంతలో అమ్మమ్మ ఫైటు?" అన్నాడు. రౌడీలని చితక్కొట్టే ఆ ముసలావిడ వేషం విగ్గు పెట్టుకుని నేనే వెయ్యాల్సింది.

"మా అక్క చేస్తుంది. విగ్గు కూడా అక్కర్లేదు" అన్నాను.

"ఆవిడ ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంది."

అదీ సంగతి. వచ్చే శుక్రవారం నిన్ను తీసుకురమ్మన్నాడు. నీ పని నచ్చితే మాస్టరుగా నన్నూ ఉంచుతాడట. లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాడు. నీ జుట్టు గురించి అన్నందుకు తర్వాత తిట్టు. నాకు కావాల్సింది ఫైటు ఒక్కటే కాదక్కా. నేను ఫైటర్ కుర్రాళ్ల చేత దెబ్బలు వేయిస్తుంటే పక్కన నిలబడి దూరం చూసి చెప్పే మనిషి కావాలి. ఇంకెవరి కంటినీ నేను నమ్మలేను.

వస్తావా అని అడిగితే రానంటావేమోనని భయమేసింది. అందుకే అడగకుండానే ఒప్పుకున్నావని చెప్పేశాను. బస్సు దిగే చోట ఆ రోజు పొద్దున్నుంచీ నిలబడి ఉంటాను. ఎలాగూ కూర్చోలేను.

ఇట్లు,
నీ తరఫున మాట ఇచ్చేసిన
నీ తమ్ముడు