నడిచొచ్చే గిరాకీ

మంగళవారం, అంబత్తూరు

మా అంగళ్ల ముందున్న కార్ పార్కింగ్ తీసేసి చెట్లు నాటి, వెడల్పాటి ఫుట్‌పాత్ వేస్తామని ఈ రోజు మీటింగ్‌లో కార్పొరేషన్ వాళ్లు చెప్పారు. "నడిచొచ్చేవాళ్లు ఏం కొంటారు సార్? కార్లు రాకుంటే మా గతేంది?" అని లేచి అరిచింది నేనే. వ్యాపారులందరూ నాకే వంత పాడారు. ప్లాన్ ఆగిపోయింది.

సాయంత్రం సరోజమ్మ ఎప్పటిలా పప్పుల కోసం మా అంగడికి వచ్చింది. మీటింగ్‌లో ఆమె కూడా వెనక కూర్చుందట.

"ఇరవై ఏండ్లుగా నడిచే గదా నాయనా నేను ఈడికి వచ్చేది" అంది. గొంతులో కోపం కూడా లేదు.

పప్పులు కట్టిచ్చాను. డెబ్భై ఏళ్ల మనిషి సంచి మోసుకుంటూ, పార్కింగ్‌లోంచి రివర్స్‌లో వస్తున్న కార్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వెళ్తుంటే, నేను కూర్చున్న చోటు నుంచి లేవనైనా లేవలేదు.

రేపు కార్పొరేషన్ వాళ్ల దగ్గరికి వెళ్లి నా మాట వెనక్కి తీసుకోవాలి. తోటి వ్యాపారుల ముందు నోరు పెగులుతుందో లేదో...