నీటి పేరు

చేతి తడి ఆరని నాన్నకి,

అక్కా, ఇది నాన్నకి గట్టిగా చదివి వినిపించు. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను.

నాన్నా, రోజూ తెల్లారగానే నువ్వు ఏట్లో చెయ్యి ముంచి, చుక్క నాలిక మీద వేసుకుని, ఆ రోజు నీటి పేరు కేకేసేవాడివి. ఆ కేక వినపడందే రేవులో ఒక్క పడవ కదిలేది కాదు. వల కూడా కనపడనంత బురదైతే గుడ్డినీరు. పైకి నిలిచినట్టుండి అడుగున లాగేదైతే దొంగనీరు. బడి మొహం చూడకముందే నాకు అవే ఓనమాలు.

పోయినేడు నువ్వు "చచ్చిననీరు" అని కేకేశావు. విచారణకొచ్చిన అధికారికీ అదే చెప్పావు. ఆయన దగ్గర రాసేవాడు లేడంటే మా మేనేజరు నన్ను పంపాడు. ఏట్లోకి రంగునీళ్లు వదిలే ఫ్యాక్టరీ, దాని గుమస్తా నీ కొడుకు. "మీ నాన్న చెప్పిందే రాయవయ్యా, కాకపోతే ఆఫీసు భాషలో రాయి" అన్నాడు మేనేజరు. 'నీటి స్వభావంలో స్వల్ప మార్పు' అని రాశాను. నువ్వు నా దస్తూరీ చూసి మురిసిపోయి వేలిముద్ర వేశావు. దాంతోనే ఫ్యాక్టరీ మీద కేసు మూసేశారు. ఏడాదిగా ఆ రెండు మాటలూ గొంతులో ముల్లులా ఉన్నాయి. కక్కలేను, మింగలేను.

ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి ఏట్లోకి రెండో గొట్టం వేస్తారట. సోమవారం అధికారి మళ్లీ వస్తాడు, మళ్లీ నేనే రాయాలి. నేను రాసింది అబద్ధం నాన్నా. చచ్చిననీరని మళ్లీ చెప్పు. ఈసారి నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, మెడబట్టి గెంటినా సరే.

నీ సిగ్గులేని గుమస్తా

---

ఒరే కోపిష్టీ,

ముక్క మింగకుండా చదివాను. నాన్న నవ్వాడు. "వాణ్ని ఆఫీసులో ఎవడో తిట్టుంటాడే. ఆ కాగితం మీద సర్కారు ముద్ర ఉంది కదా, అబద్ధం ఎలా అవుతుంది?" అన్నాడు.

నీకు చెప్పలేదు గానీ, నువ్వు ఇచ్చిన ఆ కాగితం నకలు రోజూ నాచేత చదివించుకుంటాడురా. "నా నాలిక ముసలిదైపోయిందమ్మా. వాడు తెలివైనవాడు, వాడికి తెలీదా!" అంటాడు.

ఈ పొద్దున రేవు నిండా చేపలు వెల్లకిలా తేలాయి. నాన్న చెయ్యి ముంచాడు. నాలిక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

"స్వల్ప మార్పూ!" అని కేకేశాడు.

పడవలు కదిలాయి.

సోమవారమూ అదే చెబుతాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తానన్నావుగా. రాసుకో.

అక్క