వాసన గడిలో పడిన మాట

గ్యాసు అమరికల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వంటింట్లో కొత్త గ్యాసు పొయ్యి అమర్చినప్పుడు పూర్తి చేసిన కాగితంలో ‘వాసన’ అనే గడిలో నా మాటను తప్పుగా రాసుకొనుట, దానిని దిద్దించి, వాసన తెలిసిన మనిషిని ఒకరిని మా ఇంటికి పంపించుట గురించి.

మూడవ అంతస్తులో మెట్ల పక్క ఇంట్లో కాపురముండే నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే అది చదువు లేక కొంత, చేతి వణుకు వలన కొంత. తమ ఆఫీసులో నన్ను ‘కంగారమ్మ’ అంటారని నాకు తెలుసు. మెట్ల మీది దీపం గురించి, నీళ్ళ ట్యాంకు మూత గురించి, లిఫ్టు చేసే చప్పుడు గురించి నేను లోగడ అర్జీలు పెట్టుకొన్న మాట వాస్తవమే. ట్యాంకు మూత నిజంగానే లేదని తరువాత తేలింది. అయినా ఆ సంగతులు పక్కన పెట్టి ఈ అర్జీని విడిగా చదవవలెనని ముందుగానే ప్రార్థిస్తున్నాను.

1. మా భవనంలో అందరికీ సిలిండర్లు తీసేసి, గోడలోంచి వచ్చే గొట్టం ద్వారా గ్యాసు ఇస్తున్నారు. దానితోపాటు పాత పొయ్యి కూడా మార్చాలన్నారు. తొమ్మిది రోజుల కిందట మా ఇంటికి బీరువా అంత పొయ్యి వచ్చింది. పైన నాలుగు మంటలు, కింద తలుపు ఉన్న ఓవెను. నాకు అన్ని మంటలు అక్కర్లేదని చెప్పాను. అందరికీ ఒకటే రకం అన్నారు. సరే, అది నా ఫిర్యాదు కాదు.

2. పొయ్యి బిగించడానికి వచ్చినాయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి వచ్చారు. ఆయన మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. కానీ ఆయన చేసిన తప్పు ఒకటి ఉంది. వెనక గొట్టం తగిలించగానే పొయ్యిని గోడ వరకూ తోసేశారు. ఆ తరువాత సబ్బు నీళ్ళు అడిగారు. గిన్నెలో కలిపి ఇచ్చాను. బిగించిన చోట నురుగు రాస్తే, గ్యాసు కారుతుంటే బుడగలు లేస్తాయట. ముందు వైపు రాశారు, బుడగలు లేవలేదు. వెనక వైపు చేయి దూరలేదు.

“వెనక కూడా చూడు నాయనా,” అన్నాను.

“మళ్ళీ లాగాలంటే ఇద్దరం కావాలి పెద్దమ్మా. ఇంకో ఉపాయం ఉందిలే. వాసన చూస్తే సరిపోతుంది. నాకేమో జలుబు, ముక్కు మూసుకుపోయింది. మీరే చెప్పండి, వాసన వస్తోందా?”

“నాకు రాదు నాయనా.”

“దగ్గరికెళ్ళి చూసి చెప్పండి.”

“ఎంత దగ్గరికెళ్ళినా రాదు. మూడేళ్ళయింది.”

ఆ ‘మూడేళ్ళయింది’ అన్న ముక్క ఆయన తుమ్ములో కొట్టుకుపోయింది.

“అస్సలు రాదా?”

“అస్సలు రాదు.”

“అయితే పని బంగారంలా కుదిరినట్టే,” అని కాగితం మీద ఏదో రాసుకొని నా చేత సంతకం పెట్టించారు. నేను కళ్ళజోడు కోసం వెతుక్కునేలోపు కార్బన్ కాపీ పొయ్యికి అంటించి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

3. అయ్యా, అసలు సంగతి ఇది. మూడేళ్ళ కిందట వచ్చిన జ్వరంతో నా ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. పాలు మాడి గిన్నె నల్లబడినా నాకు తెలియదు. పొగ కంటికి కనబడితేనే తెలుస్తుంది. ఈ సంగతి మా అమ్మాయికి కూడా చెప్పలేదు. చెబితే నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. పరాయివాళ్ళకు ఎలా చెప్పను, ‘నాకు రాదు’ అంటే అర్థమవుతుందనుకొన్నాను. నాకు ఈత రాదు అంటే చెరువులో నీళ్ళు లేవని ఎవరైనా రాసుకుంటారా?

కళ్ళజోడు దొరికాక కాగితం కూడబలుక్కుని చదివాను. ‘వాసన: అస్సలు రాదు. ఇంటివారు ధ్రువీకరించిరి. పొయ్యి సురక్షితము’ అని ఉంది. కింద నా సంతకం. ఆ రోజు నుండి పొయ్యి వెలిగించలేదు. లైటు మీట కూడా ముట్టుకోవడం లేదు. పొద్దుండగానే తిండి ముగించి, చీకటి పడకముందే పడకలు వేసేస్తున్నాము.

4. ఇంట్లో నాతోపాటు మా ఆడపడుచు ఉంటుంది. తుంటి ఎముక విరిగి ఏడు నెలలుగా మంచం మీదే ఉంది. ఆమె మంచానికీ వంటింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం, ఆ గోడకు తలుపు లేదు, పరదా మాత్రమే. ఏదైనా అయితే నేను పరుగెత్తగలను. ఆమె పరుగెత్తలేదు, ఆమెను మోసే ఒళ్ళు నాది కాదు. తమకు నేను ఇంత పెద్ద కాగితం రాయడానికి కారణం ఈ నాలుగో నంబరే. మిగిలినవి చదవకపోయినా ఇది చదవవలెను.

ఆమె ముక్కు మాత్రం దివ్యమైనది. మా ఆయన బతికున్న రోజుల్లో తన చెల్లెల్ని జాగిలం అని పిలిచేవారు. వీధి మొదట్లో ఎవరో సున్నం వేయిస్తుంటే ఇంట్లో కూర్చుని చెప్పేది. పొయ్యి వచ్చిన రెండో రోజు, “వదినా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందే,” అంది. మా ఇంట్లో గుడ్డు లేదు.

5. నాలుగో నంబరు కంటే ముందు రాయవలసినది మరిచిపోయాను. గ్యాసు ఆపే మీట పొయ్యి వెనక పడిపోయింది. నా చేయి వెళ్ళదు. చీపురు పుల్లతో పొడిచి చూశాను, అది తిరగడం లేదు. పొయ్యి ముందుకు ఒరిగిపోకుండా గోడకు బిగించవలసిన ఇనుప ముక్క కూడా సంచిలోనే ఉండిపోయింది. ఓవెను తలుపు దించితే పొయ్యి ముందుకు తల వంచుతోంది.

6. ఫిర్యాదుల నంబరుకు ఫోను చేశాను. గ్యాసు వాసన వస్తే ఒకటి నొక్కండి, రాకపోతే రెండు నొక్కండి అని రికార్డు మాట వచ్చింది. నాకు అబద్ధం ఆడటం చేతకాక రెండు నొక్కాను. సంతోషము, ధన్యవాదములు అని పెట్టేసింది. మళ్ళీ చేసి ఈసారి ధైర్యంగా ఒకటి నొక్కాను. అరగంట పాట వినిపించి, అదీ ఆగిపోయింది.

ఇక లాభం లేదని మా ఆడపడుచు పక్కన మంచినీళ్ళు, ఆమె ఫోను పెట్టి, నా ఫోను తీసుకొని తమ ఆఫీసుకే వచ్చాను. కౌంటరులో అమ్మాయి అడిగింది:

“వాసన వస్తోందా అవ్వా?”

“నాకు రాదమ్మా.”

“రాకపోతే ఇంక బాధేంటి?”

“రాకపోవడమే నా బాధ తల్లీ. వస్తే నేనే చెప్పేదాన్నిగా.”

ఆ అమ్మాయి పక్కాయన వైపు చూసింది. ఆయన కళ్ళతోనే నవ్వాడు. నాకు అర్థమైంది. అయినా అక్కడే నిలబడ్డాను. ఏ జ్వరంలో పోయిందో, పాలు ఎలా మాడాయో మొదట్నుంచీ చెప్పాను. వెనకున్న వరసంతా విన్నది. మూడేళ్ళు కడుపులో దాచుకొన్న సంగతి అలా నలుగురిలో పడింది.

“మరి ఇంట్లో ఎవరికైనా వస్తోందా?” అంది చివరికి, కొంచెం జాలిపడి.

“మా ఆడపడుచుకి వస్తోంది. మంచం దిగలేదు.”

“అయితే ఫోన్లో మాట్లాడించండి, రాసుకుంటాను.”

మాట్లాడించాను. మా ఆడపడుచు ఏ రోజూ అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి ఎరగదు. ఆ రోజు మాత్రం చెప్పింది.

“ఇప్పుడా? ఇప్పుడైతే లేదమ్మా. మా వదిన వెళ్తూ వెళ్తూ కిటికీలన్నీ తీసిపోయింది. నాకు చలేస్తోంది, అది కూడా రాసుకో.”

అమ్మాయి ఫోను నాకిచ్చేసింది. “చూశారా, ఇద్దరికీ వాసన లేదు. కాగితంలోనూ లేదనే ఉంది. కిటికీలు మూసి, వాసన గట్టిగా వచ్చాక మళ్ళీ రండి,” అంది.

7. అధికారుల మాట కాదనలేక ఇంటికి వచ్చి కిటికీలు మూశాను. మా ఆడపడుచు మంచం పట్టె పట్టుకొని నిలబడ్డాను. వంద లెక్కపెడదామనుకొని ముప్పై దాకా కూడా వెళ్ళలేకపోయాను. “వస్తోందా?” అంటే, “మొదలవుతున్నట్టుంది, ఇంకాస్త ఆగు వదినా,” అంది. ఆగితే ఏమవుతుందో తెలిసి ఎలా ఆగను? గభాలున వెళ్ళి అన్నీ తీసేశాను. అంతే, సాక్ష్యం గాలికి పోయింది. అయ్యా, గ్యాసు పేరుకొన్నాకే ఫిర్యాదు తీసుకొంటారు, పేరుకొనేదాకా ఇంట్లో నిలబడమంటారు. ఇది ఎలా సాధ్యమో తమరే సెలవియ్యవలెను.

8. బయటి మనిషి చేత చెప్పిద్దామని ఎదురింటి తలుపు కొట్టాను, తాళం ఉంది. కింది అంతస్తు వారు తనిఖీ కాగితం ఉండగా మాకెందుకమ్మా అన్నారు. చివరకు బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఇస్త్రీ ఆయనను బతిమాలి లోపలికి పిలిచాను. ఆయన వంటింట్లో నిలబడి గాలి పీల్చారు. “ఒకసారి వస్తోందనిపిస్తోంది, ఒకసారి లేదనిపిస్తోంది అమ్మా. నాకు రోజంతా బొగ్గుల వాసనే. నేను చెప్పానని మాత్రం ఎక్కడా రాయకండి,” అన్నారు. ఆయన కోరిన ప్రకారం ఆయన పేరు రాయడం లేదు.

9. ఈ తొమ్మిది రోజులుగా రొట్టె, అరటిపళ్ళు తిని ఉంటున్నాము. “పొయ్యేమో కొత్తది, తిండేమో చల్లది. ఇంతకంటే గ్యాసుకే పోతే నయం,” అని మా ఆడపడుచు సాధిస్తోంది. నోట్లో పళ్ళు లేని మనిషి, వేడిగా ఏదైనా తాగాలని ఉంటుంది. పెట్టలేకపోతున్నాను.

కావున తమను వేడుకొనేది ఒకటే. పొయ్యిని ముందుకు లాగి, వెనక గొట్టం బిగింపుకు సబ్బు నురుగు రాసి చూడటానికి ఇద్దరిని పంపవలెను. ఆ ఇద్దరిలో ఒకరికైనా జలుబు ఉండకూడదు. ఆపే మీటను నా చేతికి అందే చోటికి మార్చి, ఇనుప ముక్క బిగించవలెను. కాగితంలో వాసన గడిలో ఉన్న మాట కొట్టివేసి, ‘ఇంటావిడకు వాసన తెలియదు’ అని తిరగరాయించవలెను. అంతా చూసి ఏమీ లేదని తేలితే, ఆ మాట వచ్చినవారు నాకు కాక మా ఆడపడుచుకు చెబితే చాలు. నన్ను తిట్టి వెళ్ళినా పడతాను. మా అమ్మాయికి మాత్రం, ఈ ముక్కు సంగతి నేను చెప్పుకొనేదాకా, ఆఫీసు నుండి తెలియనివ్వవద్దు.

ఈ కాగితం ఫైలులోకి వెళ్ళేలోగా తమరు ఒక్కసారి స్వయంగా చిత్తగించవలెనని,

తమ విధేయురాలు,
మూడవ అంతస్తు, మెట్ల పక్క ఇంటి ముసలామె

మరొక మనవి: ఈ కాగితం మడుస్తుండగా మా ఆడపడుచు పిలిచింది. “వదినా, నిన్నట్నుంచీ వాసన రావడం లేదే. తగ్గినట్టుంది,” అంది. సంతోషించబోయి ఆగిపోయాను. దీపం వత్తి వెలిగించి ఆర్పి, ఆ పొగ ఆమె ముక్కు దగ్గర పెడదామంటే అగ్గిపుల్ల గీయడానికి భయం. ఆ రోజు నురుగుకు వాడిన సబ్బు బిళ్ళ తెచ్చి, ఆమె చేత కళ్ళు మూయించి, ముక్కు దగ్గర పట్టుకొని, “ఇదేంటో చెప్పు,” అన్నాను. కాసేపు పీల్చింది. “ఏదైనా ఇచ్చి అడగవే,” అంది.

గొట్టం బాగుపడిందో, ఆ వాసనలో పడుకొని పడుకొని ఆమె ముక్కు కూడా మొద్దుబారిందో నాకు తెలియడం లేదు. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ రాదు. వచ్చేవారు కాలింగ్ బెల్లు నొక్కకండి నాయనా, నిప్పురవ్వ లేస్తుందేమో. తలుపు తీసే ఉంది. మెట్ల మీద నుండే పిలవండి.