దండ లేని బొమ్మ

మంచినీళ్లపేట,
1999 మార్చి 9.

కాశీబుగ్గలో కెరటం క్యాసెట్ల కంపెనీకి బొమ్మలు వేసే ప్రేమ్‌కుమార్ బాబుకు దీవెనలు.

నా పేరు గుంటు బుచ్చమ్మ. వయసు డెబ్బై దాటింది. కొడుకు పోలారావు, కోడలు వనజ, నేను ఒకే పొయ్యి. చెబుతున్నది నేను, రాస్తున్నది వనజ. ఇక్కడ అందరం క్షేమం. నేను కూడా క్షేమమే. ఆ సంగతి తెలియజేయడానికే ఈ ఉత్తరం.

వల లాగేటప్పుడు పాడే నా వలపాటల క్యాసెట్టుకు నువ్వు వేసిన అట్ట చూశాను. గుండ్రంగా నా ముఖం, చుట్టూ బంతిపూల దండ, అటొక దీపం, ఇటొక దీపం. కింద ఏముందని అడిగితే మరపురాని గొంతు అని చదివింది వనజ. అదే బొమ్మను తలుపంత పోస్టరు చేసి టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా గోడగోడకూ అంటించారు. బాబూ, ఫొటోకు దండ ఎప్పుడు వేస్తారో నీకు ఇంట్లో ఎవరూ చెప్పలేదా?

మూలపేటలో ఉన్న మా మరిది అప్పలస్వామి టెక్కలి వెళ్లి ఆ గోడ చూశాడు. మనిషి పోతే వేట మానడం మావాళ్ల ఆచారం. పడవలు ఒడ్డుకు లాగేసి, రెండు ఆటోల జనం ఏడుస్తూ వచ్చి దిగారు. నేను వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్నాను. వేట మానుకొని వచ్చినాం, బతికే ఉన్నావేటి వదినా, ఇప్పుడేటి సెయ్యమంతావు అని నా మీదే విసుక్కున్నాడు. అందరికీ అన్నం వండి పెట్టి పంపాల్సి వచ్చింది.

మర్నాడు, ఇచ్ఛాపురం స్టేషను గోడ మీద ఆ బొమ్మ చూసి అక్కణ్నుంచి నా చెల్లెలు పెద్దతల్లి వచ్చింది. మా ఇద్దరిలో ఎవరి గొంతు గొప్పదన్న తగువుతో ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆమే వచ్చి ఏడ్చింది. సరే, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

అసలు నష్టం వేరే ఉంది. గంగమ్మ సంబరంలో పాడడానికి నన్ను పిలిచినవాళ్లు, ముసల్ది పోయింది కదా అని ఇంకొకరిని మాట్లాడుకున్నారు. పోలారావు వచ్చి అడిగితే, దండ గౌరవం కోసం వేశాను, జనం జాలిపడి కొంటున్నారు, ఉండనీండి అన్నావట. జాలికి అమ్ముడుపోయే పాట నేను పాడలేదు బాబూ!

సంబరం వచ్చేలోపల కొత్త అట్ట, దానికి తగ్గ కొత్త పోస్టరు వెయ్యి. దండ వద్దు, దీపాలు వద్దు. నెత్తిన చేపల గంప ఉండాలి. నోరు బాగా తెరిచి ఉండాలి. చచ్చినవాళ్లు నోరు తెరిచి పాడరు. వనజా, మెత్తగా మార్చకు, అన్నది అన్నట్టే రాయి.

ఇట్లు,
బతికి ఉన్న గుంటు బుచ్చమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

తా.క.: పెద్దతల్లిని చేపలు కడగమని బావి దగ్గరికి పంపి ఈ ముక్క చెబుతున్నాను. ఆ రోజు ఇచ్ఛాపురం నుంచి ఆమె వచ్చేసరికి నేను చాప మీద నడుం వాల్చి ఉన్నాను. ఓలప్పో అన్న కేక విని లేవబోయాను. అంతలో ఏడుపు రాగం ఎత్తుకుంది. నీ గొంతు ముందు నాదేపాటిదప్పా, నువ్వెత్తుకుంతేనే గదా నానందుకున్నాను, ఇకన ఎవులెనక పాడాలప్పా అని. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఊపిరి బిగబట్టాను. పాడు తుమ్ము రాకపోతే ఇంకా వినేదాన్ని. దాని గొంతు ఏమీ చెడలేదు. రెండో క్యాసెట్టులో ఆ పాట ఉండాలి, అట్ట మీద ఇద్దరం ఉండాలి. నేను కొంచెం ముందు.

ఇచ్ఛాపురం స్టేషను గోడ మీది దండ బొమ్మను మాత్రం చింపకు. చిరగకుండా ఊడదీసి నాకు పంపు.

సాక్షులు:
గుంటు వనజ (సంతకం)
పెద్దతల్లి (వేలిముద్ర. తా.క. ఆమెకు చదివి వినిపించలేదు)