పదో మనిషి

సుజాతమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నువ్వు కోరి పుచ్చుకున్న యూదుల మతంలో, పోయినవాళ్ల కోసం బిడ్డలు చదివే ప్రార్థనకి పదిమంది పెద్దవాళ్లుండాలని నీకు తెలుసు, నాకే నిరుడు తెలిసింది. అప్పుడు తొమ్మిదిమందే వచ్చారు. నేను మీ మతం కాదు గనక లెక్కలోకి రాను. చదవకుండానే ఇంటికొచ్చేశాం.

ఈసారీ తొమ్మిదిమందే. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను.

నీ కూతురు లేయా లేచింది. "అమ్మమ్మా, నాకు థర్టీన్ వచ్చింది కదా. ఇప్పుడు నేను కూడా కౌంట్ అవుతాను" అంది. వాళ్ల గురువుగారు నవ్వి, చదవమన్నారు.

పిల్ల ఎక్కడా తడబడలేదమ్మా. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. మధ్యలో వచ్చే ఆమేన్ మాత్రం మన చర్చిలోదే. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను.

అమ్మ