అమ్మను గడప దాటించాను, బాపూ

బాపూ,

ఎట్లున్నావని అడగడం అలవాటు, అందుకే అడుగుతున్నాను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. సంవత్సరీకానికి తమ్ముడు అయ్యగారితో మాట్లాడుతున్నాడు. ఆ రోజు వచ్చినవాళ్లంతా అమ్మ ఏదని అడుగుతారు. వాళ్లకంటే ముందు నీకు చెప్పాలి... అమ్మ ఇప్పుడు పురానాపూల్ ఇంట్లో లేదు. నెలన్నర కింద నేనే తీసుకెళ్లి, సిస్టర్లు నడిపే ముసలివాళ్ల ఆశ్రమంలో వదిలి వచ్చాను.

"మీ అమ్మను గడప దాటనియ్యకుండ్రి" అని ఆఖరి రోజు మా ఇద్దరి చేతులూ పట్టుకుని అన్నావు. ఎందుకన్నావో అప్పుడు మాకు తెలియదు. నీకు తెలుసు.

నాలుగేళ్లుగా తెలుసు కదా? పాలకు వచ్చినవాళ్లకు అమ్మ రెండోసారి పోయబోతే, చేతిలో గిన్నె మెల్లగా అందుకునేవాడివి. నేను మలక్‌పేట నుంచి వస్తే "మీ అమ్మకు పానం మంచిగ లేదు, ఎక్కువ మాట్లాడియ్యకు" అనేవాడివి. ఆమె నా పేరు కోసం తడుముకునేలోపే "సుశీల వచ్చింది జూడు" అని కేకేసేవాడివి. పరువనుకున్నావా, ప్రేమనుకున్నావా... మాకు మాత్రం, నీ దినాలు కాకముందే అమ్మ "మీ బాపు ఇంక రాలేదేంది" అని వాకిట్లో కూర్చున్నాక గానీ అర్థం కాలేదు.

డాక్టరుకు చూపించాం. వయసుతో వచ్చే మతిమరుపు, మందు లేదన్నాడు. ఇదే మాట నీకూ ఎవరో చెప్పే ఉంటారు. మాకు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?

నువ్వు ఎదురుగా లేకపోతే అమ్మ ముద్ద ముట్టలేదు. చివరికి తమ్ముడు నీ రుమాలు తలకు చుట్టి, నీ నల్లకోటు తొడుక్కుని కూర్చుంటే తిన్నది. ఆరు నెలలు, రెండు పూటలా అదే వేషం. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి, బర్రె ముందు నిలబెట్టి పాలు పిండేవాడివి, గుర్తుందా? నేను చిన్నదాన్ని, చూడలేక ఏడిస్తే "బర్రెకు దూడ కానొస్తె సాలు, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నావు. నీ కోడలు ఆ కోటును ఉతకడానికి కూడా ముట్టుకునేది కాదు. ఆమెను నేను తప్పు పట్టను.

తమ్ముడి కొడుక్కి అప్పుడు పదో నెల. పాకుతున్నాడు. ఒక మధ్యాహ్నం నీ కోడలు బట్టలు ఆరేసి వచ్చేసరికి పిల్లాడు కొట్టంలో, దూడల వరసలో ఉన్నాడు. మెడకు దూడ తాడు. తాడు కొస గుంజకు. అమ్మ పక్కనే కూర్చుని వాడి ముందు పచ్చగడ్డి వేస్తోంది. వాడు పాకినకొద్దీ ముడి బిగుసుకుంది. మొహం నల్లబడిపోతుంటే నీ కోడలు కొడవలితో తాడు కోసింది. బతికాడు బాపూ. మెడ చుట్టూ గీత ఇంకా పోలేదు. ఇంత లొల్లి ఎందుకో అమ్మకు తెలియలేదు. దూడను విడిచిపెడితే పాలన్నీ తాగెయ్యదా అని అడిగిందట. పాపం, యాభై ఏళ్లు చేసిన పనే చేసింది.

నీ కోడలు పిల్లాణ్ని తీసుకుని బహదూర్‌పురాలో పుట్టింటికి పోయింది. అత్త ఉంటే రానంది. తమ్ముడేమో నీ మాట దాటనన్నాడు. మరి అమ్మను చూసుకున్నాడా? పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని పోతూ తలుపుకు బయటనుంచి గొళ్లెం పెట్టేవాడు. లోపల అమ్మ తలుపు కొడుతూ ఉండేది. గడప మాత్రం దాటలేదు... నీకు కావలసింది అదేనా?

నన్ను తీసుకుపొమ్మన్నాడు. మా ఇంట్లో ఒప్పుకోరన్నాను. బాపూ, మా ఇంట్లో నేను ఎవరినీ అడగలేదు. రెండు గదులు, ఇద్దరు పిల్లలు, టెలిఫోన్ ఆఫీసులో నా షిఫ్టులు... ఇవన్నీ నిజమే. అడిగితే మీ అల్లుడు సరేనంటాడేమోనని భయపడ్డాను. అదీ నిజమే.

ఆశ్రమం మాట ఎత్తిందీ, రిక్షా పిలిచిందీ, కాగితం మీద అమ్మ వేలిముద్ర వేయించిందీ నేనే. బాపు దగ్గరికి పోదామంటే మారు మాట్లాడకుండా ఎక్కింది. తమ్ముడు వాకిట్లోకి కూడా రాలేదు. మరునాడే వాడి పెళ్లాం, పిల్లాడు ఇంటికొచ్చారు. ఇప్పుడు బస్తీలో వాడు తల్లి మీద ప్రాణం పెట్టుకున్న కొడుకు. నేను తల్లిని వదిలించుకున్న బిడ్డను.

నీ మీద చాలా కోపంగా ఉంది. అంతా నువ్వొక్కడివే చేసుకున్నావు, ఎట్లా చెయ్యాలో ఎవరికీ చెప్పలేదు. పోయేముందు మాట మాత్రం తీసుకున్నావు.

మొన్న ఆదివారం వెళ్లాను. అమ్మ కొంచెం ఒళ్లు చేసింది. ఎవరు పెట్టినా తింటోందట. నిన్ను అడగడం లేదట. నన్ను గుర్తుపట్టలేదు గానీ పక్కన కూర్చోమంది. నా చెయ్యి పట్టుకుని, మీ అమ్మ ఉన్నదా బిడ్డా అని అడిగింది. ఉన్నదన్నాను. ఎవలు జూస్కుంటున్నరు మరి అన్నది.

తమ్ముడు చూసుకుంటున్నాడని చెప్పాను.

కొడుకంటే గట్ల ఉండాలె అని మెచ్చుకుంది.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను బాపూ. అడిగితే మళ్లీ అదే చెబుతాను.

నీ బిడ్డ,
సుశీల